వేలంలో పాత వస్తువో, పెయింటింగో కొనబోతున్నారా? పాట పాడకముందే చూసుకోవాల్సినవి

మార్చి, సెప్టెంబరు, డిసెంబరు... ఆర్ట్ వేలాలకు పండగ నెలలివి. మన దేశపు ఆధునిక చిత్రాల పెద్ద పాటలు చాలావరకు వీటి చుట్టూనే తిరుగుతాయి. మార్చిలోనైతే ఏషియా వీక్ పేరుతో న్యూయార్క్‌లో కూడా ఆసియా కళల సందడి ఉంటుంది. 2023 సెప్టెంబరులో అమృతా షేర్‌గిల్ చిత్రం ‘ది స్టోరీ టెల్లర్’ ముంబై సంస్థ శాఫ్రన్‌ఆర్ట్ పాటలో 61.8 కోట్ల రూపాయలకు పోయింది. 2025 మార్చిలో ఎం.ఎఫ్. హుసేన్ ‘గ్రామ్ యాత్ర’కు న్యూయార్క్‌లో క్రిస్టీస్ సంస్థ వేలంలో 1.37 కోట్ల డాలర్లకు పైగా పలికింది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ‘మనమూ ఓ చిన్న బొమ్మ కొని పెట్టుకుంటే’ అన్న ఆలోచన కొందరికి పుడుతుంది. తప్పేం లేదు. కాకపోతే వేలం షాపు లాంటిది కాదు. నచ్చకపోతే మార్చుకోవడాలు, వెనక్కివ్వడాలు ఉండవు. ఏ సంస్థ నిబంధనలు చదివినా వస్తువు ‘ఉన్నది ఉన్నట్టుగా’ అమ్ముతున్నామనే ఉంటుంది. పాట ఖాయమైందని సుత్తి దెబ్బ పడిన క్షణం నుంచి డబ్బు కట్టే పూచీ మీది. అందుకే ఇక్కడ జాగ్రత్త పడాల్సింది పాట రోజున కాదు, దానికి ముందు వారం పది రోజుల్లో.

మొదట చట్టం సంగతి

మన దేశంలో 100 ఏళ్ళు నిండిన శిల్పం, చిత్రం, నాణెం, చేతిపని వస్తువు ఏదైనా చట్టం దృష్టిలో పురావస్తువే. విలువైన రాతప్రతులకైతే 75 ఏళ్ళు నిండితే చాలు. 1972లో చేసిన పురావస్తువుల, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పురావస్తువును దేశం లోపల కొనొచ్చు, అమ్మొచ్చు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి మాత్రం వీల్లేదు. దాటిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలుశిక్ష ఉంది. ఈ వ్యాపారం చేసేవాళ్ళకు లైసెన్సు ఉండాలి. రాతి, లోహ, మట్టి, కొయ్య శిల్పాలు, మినియేచర్ చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతుల్లాంటి వాటికి రిజిస్ట్రేషన్ ఉండాలి. చేతులు మారినప్పుడు ఆ సంగతి రిజిస్టరింగ్ ఆఫీసరుకు తెలియజేయాలి. వేలం సంస్థను అడగాల్సిన మొదటి ప్రశ్న ధర గురించి కాదు, ‘దీనికి రిజిస్ట్రేషన్ నంబరుందా’ అని.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి ఆన్‌లైన్‌లో పాట పాడే మనవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. ముంబైలో లాట్ (పాటకు పెట్టిన ఒక్కో వస్తువును అలా అంటారు) గెలుస్తారు, డబ్బు కడతారు, డల్లాస్‌కి పంపమంటే కుదరదంటారు. కేటలాగులో ఆ లాట్ కింద ‘ఎగుమతికి వీల్లేదు’ అని చిన్న అక్షరాల్లో ముందే రాసి ఉంటుంది. పైగా తొమ్మిది మంది చిత్రకారుల పనికి వందేళ్ళు నిండకపోయినా ఈ నిషేధం వర్తిస్తుంది. వాళ్ళు రాజా రవివర్మ, అమృతా షేర్‌గిల్, జామినీ రాయ్, నందలాల్ బోస్, రవీంద్రనాథ్ ఠాగూర్, వరసకు ఆయన అన్న కొడుకులయ్యే అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్, శైలజ్ ముఖర్జీ, నికొలస్ రోరిక్. జామినీ రాయ్ బొమ్మలు చాలా వేలాల్లో కనిపిస్తుంటాయి, కొన్ని అందుబాటు ధరల్లోనే ఉంటాయి కూడా. విదేశంలో వేలానికి వచ్చిన జామినీ రాయ్ వేరు, కోల్‌కతాలో వచ్చిన జామినీ రాయ్ వేరు. రెండోదాన్ని సరిహద్దు దాటించలేరు.

దంతం జోలికి అసలే పోవద్దు. జమీందారీ ఇళ్ళ నుంచి వచ్చిన చదరంగం పావులు, దంతపు పిడి కత్తులు చూడ్డానికి ఎంత ముద్దుగా ఉన్నా సరే. ‘వందేళ్ళ నాటిది కదా, ఇప్పుడు చంపిన ఏనుగుది కాదు కదా’ అన్న వాదన ఇక్కడ చెల్లదు. మన దేశంలో దంతం వ్యాపారమే నిషేధం. పులిచర్మాలు, గోడకు తగిలించే జింక కొమ్ములు కూడా వన్యప్రాణి చట్టం కిందికే వస్తాయి.

ఇంకొకటి. ‘పొలం దున్నుతుంటే దొరికిందండీ’ అని ఎవరైనా విగ్రహం చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయడమే మంచిది. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు చెప్పాలని 1878 నాటి చట్టం అంటుంది. అది ఇప్పటికీ అమల్లోనే ఉంది. ఆ మాటతో అమ్మేవాడు తన నేరాన్ని తానే ఒప్పుకుంటున్నట్టు. కొంటే అందులో మీకూ వాటా వస్తుంది.

కాయితాలే సగం ధర

పొలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు చూడకుండా ఎవరైనా అడ్వాన్సు ఇస్తారా? పురావస్తువుకూ అంతే. ఎవరి దగ్గర మొదలై, ఎవరెవరి చేతులు మారి, ఈ హాలు దాకా వచ్చిందో వరసగా తెలియాలి. వేలం వాళ్ళు దీన్ని ప్రావినెన్స్ అంటారు. కేటలాగులో ‘ఫ్యామిలీ కలెక్షన్, హైదరాబాద్’ అని ఒక్క ముక్క రాసి ఉంటే అది ప్రావినెన్స్ కాదు. ఏ కుటుంబం, ఎప్పటినుంచి, కొన్న రసీదుందా, ఆ ఇంటి గోడ మీద అది కనిపించే పాత ఫోటో ఉందా, ఏదైనా ప్రదర్శన కేటలాగులో అచ్చయిందా? ఇవి మెయిల్లో అడగండి, జవాబు మెయిల్లోనే తెప్పించుకోండి. ఫోన్లో చెప్పినవి గాలికి పోతాయి.

ఇంత పట్టుబట్టడం ఎందుకంటే, పెద్ద పెద్దవాళ్ళే ఇక్కడ బోల్తాపడ్డారు. ప్రకాశం జిల్లా చందవరం బౌద్ధ స్తూపానికి చెందిన ఒక సున్నపురాతి శిల్పం ఉంది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తుల బొమ్మ, మూడో శతాబ్దం నాటిది. ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 2005లో న్యూయార్క్ డీలరు దగ్గర దాదాపు 6 లక్షల డాలర్లకు కొంది. తర్వాత అది మన దేశం నుంచి అక్రమంగా తరలిన శిల్పమని తేలింది. 2016లో ఆ గ్యాలరీ దాన్ని తిరిగి ఇచ్చేసింది. నిపుణులు, లాయర్లు, ప్రభుత్వ నిధులు అన్నీ ఉన్న సంస్థ పరిస్థితే అది. వేలం గుమ్మం దాకా వచ్చి ఆగినవీ ఉన్నాయి. పిప్రహ్వా బౌద్ధ స్తూపంలో బుద్ధుడి అస్థికలతో పాటు దొరికిన రత్నాలను 2025 మేలో హాంకాంగ్‌లో సోథ్‌బీస్ వేలం సంస్థ పాటకు పెట్టబోతే, భారత ప్రభుత్వం నోటీసు ఇచ్చాక ఆపేశారు. జులైలో అవి దేశానికి తిరిగొచ్చాయి.

విదేశాల్లో మన గుళ్ళ శిల్పాలు, కంచు విగ్రహాలు పాటకొస్తే, అవి 1970కి ముందే దేశం దాటినట్టు రుజువు అడగండి. కళావస్తువుల అక్రమ రవాణాను ఆపడానికి చేసిన యునెస్కో ఒప్పందం ఆ ఏడాదిది కాబట్టి మ్యూజియంలు కూడా దాన్నే గీతగా పెట్టుకుంటాయి. ఇంటర్‌పోల్ వాళ్ళ ఐడీ-ఆర్ట్ అనే ఉచిత యాప్‌లో దొంగతనానికి గురైన కళావస్తువుల జాబితా వెతకొచ్చు. అందులో లేనంత మాత్రాన కడిగిన ముత్యమని కాదు. ఫోటో తియ్యని గుడి విగ్రహం ఏ జాబితాలోకి ఎక్కుతుంది చెప్పండి? నన్నడిగితే, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దేవుడి విగ్రహాల జోలికి పోకుండా ఉంటేనే నయం.

‘సర్టిఫికెట్ ఆఫ్ ఆథెంటిసిటీ’ చూసి మురిసిపోవద్దు. కలర్ ప్రింటరున్న ప్రతివాడూ ఇవ్వగలడు దాన్ని. ఎవరు సంతకం పెట్టారు, ఆ చిత్రకారుడి పని గురించి ఆయనకున్న అర్హతేంటి అన్నది చూడాలి. చిత్రకారుడు బతికుంటే ఆయన స్టూడియోకే ఫోటో పంపి అడిగించొచ్చు. తోట వైకుంఠం గారి బొట్టు, బోసి భుజాల తెలంగాణ స్త్రీలను, లక్ష్మాగౌడ్ గారి గీతలను ఒకసారి చూసినవాడెవడైనా ఇట్టే గుర్తుపడతాడు. గుర్తుపట్టడం తేలికైన శైలిని నకలు కొట్టడమూ తేలికే. 2011లో కోల్‌కతాలో ఠాగూర్ వేసినవంటూ ప్రదర్శించిన 20 చిత్రాలు నకిలీవని పురావస్తు శాఖ పరిశీలనలో బయటపడ్డాయి. అవి పెట్టింది ఏ సందులోనో కాదు, ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో.

కేటలాగును నెమ్మదిగా చదవండి

పేరు నేరుగా రాసి, పుట్టిన సంవత్సరం ఇచ్చి ఉంటే అది ఆ చిత్రకారుడిదేనని సంస్థ నమ్ముతోందని అర్థం. ‘అట్రిబ్యూటెడ్ టు’ అంటే బహుశా ఆయనదే. ‘స్టూడియో ఆఫ్’, ‘సర్కిల్ ఆఫ్’ అంటే ఆయన దగ్గరివాళ్ళెవరో వేశారు. ‘ఆఫ్టర్’ అని ఉంటే నకలే. ‘సైన్డ్’ అంటే ఆయన సంతకం. ‘బేర్స్ సిగ్నేచర్’ అంటే సంతకం కనబడుతోంది గానీ ఎవరు పెట్టారో పూచీ లేదని. అంతర్జాతీయ సంస్థలు అసలుదనానికి మామూలుగా ఐదేళ్ళ గ్యారంటీ ఇస్తాయి. అది కూడా శీర్షికలో ఉన్న మాటకే, కింద రాసిన వర్ణనకు కాదు.

కంటితో, చేత్తో చూడాల్సినవి

పాటకు ముందు వస్తువులు చూడనిచ్చే ప్రివ్యూ రోజుల్లో వెళ్ళి చూడకుండా పాట పాడొద్దు. ఊరు దూరమైతే వస్తువు ఏ స్థితిలో ఉందో చెప్పే కండిషన్ రిపోర్టు, దగ్గరనుంచి తీసిన ఫోటోలు, ముఖ్యంగా వెనకవైపువి తెప్పించుకోండి. ఫోటోలో అన్నీ అందంగానే ఉంటాయి.

ఉదాహరణకు బిద్రీ హుక్కా కుండ, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ పని. అడిగితే అద్దాల అల్మారా తెరిచి చేతికిస్తారు. జింకు ఎక్కువగా, రాగి కొద్దిగా కలిసిన లోహం కాబట్టి అనుకున్నదాని కంటే బరువుంటుంది. దాని నలుపు రంగు కాదు. బీదర్ కోట మట్టిని నవాసారంతో కలిపి పట్టిస్తే లోహమే అలా నల్లబడుతుంది. పొడి తెల్లగుడ్డతో అడుగున మెల్లగా రుద్దండి, నలుపు గుడ్డకు దండిగా అంటుకుంటే పైపూత అన్నమాట. తర్వాత వేలి కొనను వెండి పువ్వుల అంచుల మీద నడిపించండి. పొదిగిన వెండి, చుట్టూ ఉన్న లోహం మామూలుగా ఒకే మట్టంలో ఉంటాయి. గోరు తట్టుకుంటే అక్కడ వెండి లేచిందని. వెండి రాలిపోయిన గాడిని ఒక్కోసారి వెండి రంగు పూసి కప్పేస్తారు. భూతద్దం పెడితే దొరికిపోతుంది, ఎందుకంటే పొదిగిన వెండికి అంచు కత్తిరించినట్టుంటుంది, పెయింటుకు పాకినట్టుంటుంది. చివరగా కుండను తిరగేసి అడుగు చూడండి. తరాలపాటు నేల మీద పెట్టి తీసిన వస్తువుకు అడుగు అరక్కుండా ఉండదు. అడుగు కొత్తగా, పైభాగం మాత్రమే పాతగా ఉంటే అనుమానించాలి. వీలుంటే ముందుగా సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాన్లు ఒక పూట నిలబడి చూసి రండి. ఆ కన్ను ఏ పుస్తకం వల్లా రాదు.

ఇత్తడి, కంచు విగ్రహాల మీద చిలుము చూసి మోసపోవద్దు. కొత్త ఇత్తడికి యాసిడ్ పూసి, మట్టిలో పాతిపెట్టి చిలుము తెప్పించడం పాత విద్యే. అలా వచ్చిన పచ్చదనం అన్నిచోట్లా ఒకేలా, పొడిపొడిగా ఉంటుంది. నిజంగా పూజలందుకున్న విగ్రహానికి ముక్కు, మోకాళ్ళు, పాదాలు చేతులు తగిలి నున్నబడతాయి. చిలుము ఉంటే గింటే మూలల్లో ఉంటుంది.

ఇక రవివర్మ బొమ్మలు. ‘మా తాతగారి నాటి ఒరిజినల్ రవివర్మ’ అని తెలుగిళ్ళల్లో చెప్పుకునే లక్ష్మీ, సరస్వతీ బొమ్మల్లో దాదాపు అన్నీ అచ్చు బొమ్మలే. 1894లో రవివర్మ పెట్టించిన లితో (రాతి అచ్చు) ప్రెస్సులోనో, ఆ తర్వాత వాటిని చూసి అచ్చేసిన ప్రెస్సుల్లోనో పుట్టినవి. తైలవర్ణ చిత్రంలా కనబడేట్టు వేసిన ఈ అచ్చు బొమ్మల్నే ఓలియోగ్రాఫులంటారు. పాత ఓలియోగ్రాఫుకు కూడా విలువుంది, కొంటే తప్పులేదు, తైలవర్ణ చిత్రం ధర పెట్టనంతవరకు. ఓలియోగ్రాఫును భూతద్దంలో చూస్తే రంగు అడ్డదిడ్డమైన గింజల్లా కనిపిస్తుంది. వరస తప్పని సన్నచుక్కలు గుండ్రంగా పేర్చినట్టుంటే అది ఈ మధ్య ఆఫ్‌సెట్‌లో వేసి, టీ డికాక్షన్‌తో ముదర పెట్టిన కాయితం. ఇదే భూతద్దం హుసేన్ సెరిగ్రాఫులు (తెర అచ్చు బొమ్మలు), లక్ష్మాగౌడ్ ఎచ్చింగుల (లోహపు రేకు మీద చెక్కి తీసిన అచ్చుల) దగ్గరా పనికొస్తుంది. అక్కడ అడుగున పెన్సిలుతో రాసిన ఎడిషన్ నంబరు చూడండి. 12/75 అంటే అలాంటివి ఇంకో 74 ఉన్నాయని. ధర దాన్నిబట్టి ఉండాలి.

కాన్వాస్ అయితే వెనక్కి తిప్పించండి. గ్యాలరీ లేబుళ్ళు, పాత ఫ్రేము మేకులు, చెమ్మ చారికలు, చిరుగుకు వేసిన అతుకు అన్నీ వెనకే ఉంటాయి. చీకటి చేసి అల్ట్రావయొలెట్ టార్చి వేస్తే, తర్వాత దిద్దిన రంగు ముదురు మచ్చల్లా బయటపడుతుంది. దిద్దడం నేరమేమీ కాదు, పాత బొమ్మలకు మామూలే. ముఖం, చేతులు, సంతకం మీద దిద్దితే మాత్రం ఆలోచించాలి.

జేబు లెక్క

హాలులో వినబడే ధర మీరు కట్టే ధర కాదు. దానిమీద బయ్యర్స్ ప్రీమియం, అంటే కొనేవాళ్ళ దగ్గర సంస్థ తీసుకునే రుసుము ఉంటుంది. పెద్ద సంస్థల్లో ఇది సాధారణంగా 20 శాతం, ఆపైన. ఆ రెండింటి మీదా జీఎస్టీ. 2025 సెప్టెంబరు 22 నుంచి కళావస్తువుల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. ప్రీమియం సేవ కింద లెక్కగట్టేచోట దానిమీద 18 శాతం పడుతుంది. పది లక్షలకు పాట ఖాయమైతే ప్రీమియం 2 లక్షలు, వస్తువు మీద పన్ను 50 వేలు, ప్రీమియం మీద పన్ను 36 వేలు, మొత్తం 12 లక్షల 86 వేలు. ఇంకా ప్యాకింగు, రవాణా, ఇన్సూరెన్సు వేరు. ధర పది లక్షలు దాటితే 2025 ఏప్రిల్ 22 నుంచి 1 శాతం టీసీఎస్ (అమ్మేవాళ్ళే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తున్నారు. అది రిటర్నులో సర్దుబాటవుతుంది గానీ ఆ రోజు చేతిలో ఉండాలి కదా.

కాబట్టి లెక్క తిరగేసి వెయ్యండి. మీ దగ్గరున్నది పది లక్షలే అయితే ఏడు లక్షల డెబ్భై వేల దగ్గర ఆగిపోవాలి. ఆ అంకె కాయితం మీద రాసి జేబులో పెట్టుకోండి. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం చట్టప్రకారం కుదరదు. ‘క్యాష్ ఇస్తే తగ్గిస్తాం’ అన్నవాడి దగ్గర కొనొద్దు. చిత్రాలు, శిల్పాలు తిరిగి అమ్మితే వచ్చిన లాభం మీద పన్నుంటుంది, అవి ఇంటి సామాను కింద రావు. రసీదులన్నీ దాచుకోవడం అందుకూ అవసరమే. రేపు అమ్మాలంటే అమ్మకం కమీషను కూడా మీదే. దీన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్‌కు బదులుగా చూసేవాళ్ళకు నేనైతే వద్దనే చెబుతాను.

పాట రోజు

ఒకటోసారి, రెండోసారి అనేలోగా పౌరుషం పొంగుకొస్తుంది. ఎదుటివాళ్ళ ప్యాడిల్ (పాట పాడేవాళ్ళు ఎత్తి చూపే నంబరు పలక) లేచినకొద్దీ అది వస్తువు గొడవ పోయి పరువు గొడవ అయిపోతుంది. టెన్షన్ తట్టుకోలేననుకుంటే ముందే రాతపూర్వకంగా గరిష్ఠ ధర ఇచ్చి ఇంట్లో కూర్చోండి, మీ తరఫున సంస్థే పాడుతుంది. ఆన్‌లైన్ పాటల్లో చివరి నిమిషాల్లో ఎవరైనా పెంచితే గడువు పొడిగిస్తారు, కాబట్టి ఆఖరి సెకనులో కొట్టేద్దామనే ఎత్తు పనిచెయ్యదు. కేటలాగులో ఇచ్చిన ఎస్టిమేటు విలువ కాదు, సంస్థ అంచనా మాత్రమే. ఒక్కోసారి ఆకర్షించడానికి తక్కువగా కూడా వేస్తారు. మీకు కావాల్సిన లాట్ రిజర్వు ధర (ఇంతకు తక్కువైతే అమ్మమని ముందే పెట్టుకున్న ధర) అందక మిగిలిపోతే దిగులు పడకండి. మర్నాడు ఫోన్ చేసి అడగండి, పాట తర్వాత బేరానికి చాలాచోట్ల ఒప్పుకుంటారు.

వేలమే కానివి

మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువమంది డబ్బు పోగొట్టుకుంటున్నది పెద్ద వేలాల్లో కాదు. రైస్ పుల్లింగ్ చెంబు ఇప్పటికీ నడుస్తోందంటే నమ్మండి. పిడుగు పడి ఇరీడియం అయిన రాగిపాత్రట, బియ్యం గింజల్ని లాగుతుందట, విదేశీ సంస్థ కోట్లకు కొంటుందట, ముందు ‘టెస్టింగ్ ఫీజు’ కట్టాలట. పాత ట్రాక్టరు బొమ్మ ఐదు రూపాయల నోటుకు లక్షలిస్తామనే ప్రకటనలూ అదే బాపతు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నోట్లకు, నాణేలకు కమీషను, పన్ను వసూలు చేస్తున్నారని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది. కేరళలో 2021లో అరెస్టయిన ఒక ‘పురావస్తు సేకరణకర్త’ దగ్గర టిప్పు సుల్తాన్ సింహాసనం, మోషే చేతికర్ర ఉన్నాయని చెప్పుకుంటే పెద్ద పెద్దవాళ్ళు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. అమ్మేవాడైనా కొనేవాడైనా ముందుగా మీ దగ్గర ‘ఫీజు’ అడిగితే ఫోన్ పెట్టేయండి. ఆన్‌లైన్ వేలానికి డిపాజిట్ కట్టేటప్పుడు సంస్థ పేరు మీదున్న కరెంటు ఖాతాకే పంపండి, ఎవరి సొంత యూపీఐకో కాదు.

ఇంటికి తెచ్చాక

డబ్బు కట్టిన రోజే వస్తువు ఎప్పటినుంచి మీ బాధ్యతో అడగండి. కొన్ని సంస్థల్లో సుత్తి పడిన క్షణం నుంచే, గడువు దాటాక రోజుకింత నిలవ ఖర్చు కూడా. ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీయండి, ఇన్సూరెన్సు క్లెయిముకు అదే ఆధారం. కాయితం మీది బొమ్మల్ని బాత్రూముకు ఆనుకున్న గోడకు, ఎండ పడే గోడకు తగిలించొద్దు. విశాఖ, కాకినాడ లాంటి చోట్ల వానాకాలంలో ఫ్రేము వెనక బూజు చూస్తూ ఉండాలి. పాత ఇత్తడి, కంచు వస్తువులను చింతపండుతో, పీతాంబరితో తోమకూడదని ఇంట్లో అందరికీ, పనిమనిషితో సహా, మొదటిరోజే చెప్పండి. పండగ ముందురోజు మరోసారి గుర్తుచెయ్యండి.